తెరిచిన తలుపు, కాపలా ధర్మం

ఢిల్లీలో స్థిరపడిన తెలుగువారు నడుపుకునే ఒక చిన్న పఠనమందిరంలో కొన్నేళ్ళపాటు నేను కార్యవర్గ సభ్యునిగా ఉన్నాను. రెండు గదులు, నాలుగు బీరువాల పుస్తకాలు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చేరే తెలుగు పత్రికలు, ద్వారం పక్కన వరండాలో నిలువెత్తు నోటీసు బోర్డు. ఇదీ దాని సంపద. వీటన్నింటిలో ఎక్కువమంది చదివేది ఆ బోర్డునే అని చెప్పడానికి నేను సంకోచించను. అద్దెకు గది వెతికేవారు, సెలవులకు ఊరికి వెళ్ళే ముసలి తల్లికి రైలులో తోడు కావలసినవారు, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించే గురువు కోసం చూసేవారు, పోటీ పరీక్షల పాత పుస్తకాలు అమ్మదలచిన విద్యార్థులు అందరూ అక్కడ ఒక కాగితం అంటించి వెళ్ళేవారు. రుసుము లేదు. అనుమతి అక్కరలేదు. నీవు సభ్యుడవా అని అడిగేవారు లేరు.

కాలక్రమాన ఆ బోర్డు సంగతి వ్యాపారులకు తెలిసింది. ఇళ్ళస్థలాలు అమ్మేవారు, చిట్టీలు కట్టించుకునేవారు, శిక్షణ కేంద్రాలవారు ఒకరి కాగితం మీద మరొకరు అంటించసాగారు. ఒకే ప్రకటన పది ప్రతులుగా రాత్రికి రాత్రి వెలిసేది. ఉదయం అంటించిన విన్నపం సాయంత్రానికి వాటి కింద మరుగున పడేది. ఫిర్యాదులు వచ్చాయి. నిబంధనలు రాయడం వృత్తిగా గలవాడిని కనుక ఆ పని నాకు అప్పగించారు. నేను రాసిన నిబంధన రెండు వాక్యాలే. బోర్డుకు గాజు తలుపులు పెట్టి తాళం వేయాలి. ఒక శాశ్వత సభ్యుని సిఫారసు, కార్యదర్శి సంతకం ఉన్న కాగితాన్ని మాత్రమే అందులో పెట్టాలి. వారం తిరగకుండానే బోర్డు శుభ్రపడింది. తరువాతి సమావేశంలో నన్ను అభినందించారు కూడా.

మూడు నెలల తరువాత ఒక సాయంత్రం శ్రీకాకుళం జిల్లా నుంచి భార్య వైద్యానికై వచ్చిన ఒక రైతు, ఎవరో చెప్పగా, మా మందిరాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. రక్తదాతలు కావాలని చేతిరాతతో రాసిన కాగితం తెచ్చాడు. ఆయనకు హిందీ రాదు. మా కాపలాదారుకు తెలుగు రాదు. సంతకం తెమ్మని కాపలాదారు సైగలతో చెప్పాడు. కార్యదర్శి ఆ రోజు ఊళ్ళో లేరు. శాశ్వత సభ్యులెవరో ఆ రైతుకు తెలిసే అవకాశం లేదు. ఆయన కాగితాన్ని కాపలాదారు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. రెండు రోజుల తరువాత రిజిస్టరు మధ్యలో అది నా కంటబడింది. అందులోని నెంబరుకు ఫోను చేశాను. రక్తం మరెక్కడో దొరికిందని, గండం గడిచిందని ఆ రైతే చెప్పాడు. నా క్షమాపణకు ఆయన, “పర్వాలేదు బాబూ, మీ రూలు మీకుంటది కదా” అన్నాడు. రిసీవరు పెట్టి వరండాలోకి వచ్చి చూశాను. ఆ రోజు గాజు తలుపుల వెనుక ఉన్న కాగితాలు మూడు. వాటిలో రెండు చిట్టీల ప్రకటనలు. రెండింటికీ సిఫారసు ఉంది, సంతకం ఉంది, తేదీ ఉంది. నిబంధనకు ఎక్కడా భంగం లేదు.

ఈ స్వల్ప సంఘటనను పాఠకుల ముందుంచడం పశ్చాత్తాప ప్రకటన కోసం కాదు. అందరికీ తెరిచి ఉంచిన స్థలాన్ని దుర్వినియోగం నుంచి కాపాడటం ఎలా అన్న ప్రశ్న నేడు వరండా బోర్డుతో ఆగలేదు. గ్రంథాలయపు అర, చేతిలోని ఫోను, ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వం, ప్రభుత్వ కార్యాలయపు కిటికీ అన్నింటి ముందూ అదే ప్రశ్న నిలిచి ఉంది. తలుపు బార్లా తెరిస్తే గట్టిగా అరిచేవాడు నిండిపోతాడు. తాళం వేస్తే అవసరమున్నవాడు వెనుదిరుగుతాడు. రెండు సందర్భాలలోనూ నష్టపోయేది ఆ రైతు వంటివాడే. కాబట్టి ఇది స్వేచ్ఛకు, క్రమశిక్షణకు మధ్య వివాదమని తేల్చివేయడం సరికాదు. కాపలా భారాన్ని ఎవరి మీద మోపుతున్నామన్నదే ఇక్కడి నైతిక సమస్య.

చరిత్ర విద్యార్థిగా నాకు తపాలా వ్యవస్థ గుర్తుకు వస్తుంది. 1854 అక్టోబరులో మన దేశంలో దూరంతో నిమిత్తం లేకుండా తేలికపాటి ఉత్తరానికి అర అణా రుసుము నిర్ణయించారు. అంతకుమునుపటి దూరభారపు లెక్కలతో పోలిస్తే అది సామాన్యునికి తలుపు తెరవడమే. అయినా ఆ అర అణా ఒక మౌనమైన కాపలాదారుగా కూడా పనిచేసింది. లక్షమందికి ఉత్తరం రాయదలచినవాడు లక్ష అర అణాలు చెల్లించాలి. పంపేవాడి ఖర్చే అతని అత్యుత్సాహానికి హద్దు.

విద్యుత్తరం ఆ హద్దును చెరిపివేసింది. 1978 మే 3వ తేదీన అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ అర్పానెట్‌పై దాదాపు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. స్పామ్ అని నేడు మనం పిలిచే అయాచిత సందేశాలకు దీనినే ఆద్యంగా చెబుతారు. పంపినవాడికి నాలుగు వందల ఉత్తరాల శ్రమ లేదు, ఖర్చు లేదు. చదివి పారవేసే శ్రమ మాత్రం నాలుగు వందల మందికి పంపకమయింది. ఖర్చు పంపేవాడి నుంచి అందుకునేవాడికి మారిన ఈ చిన్న మార్పులోనే తరువాతి ఉపద్రవమంతా ఇమిడి ఉంది.

దీనికి విరుగుడుగా వచ్చిన తాళాలలో బాగా ప్రచారం పొందినది కాప్చా. వంకరటింకరగా రాసిన అక్షరాలను గుర్తించి తిరిగి రాసినవాడే మనిషి, రాయలేనిది యంత్రం అన్నది దాని సూత్రం. ఆలోచన చమత్కారమైనదే. అయితే చూపు లేనివాడికి ఆ అక్షరాలు అడ్డుగోడ అయ్యాయి. తెలుగు తప్ప మరొక లిపి చదవలేనివాడికి ఆ రోమను అక్షరాలు అడ్డుగోడ అయ్యాయి. అయాచిత సందేశాల వ్యాపారికి మాత్రం అవి అడ్డు కాలేదు. కూలికి మనుషులను కూర్చోబెట్టి వేల సంఖ్యలో ఆ పొడుపుకథలు విప్పించే వ్యాపారమే ఒకటి పుట్టుకొచ్చింది.

మా మందిరంలో జరిగినదీ ఇదే. సిఫారసు సంపాదించడం చిట్టీల ఏజెంటుకు వృత్తిలో భాగం. దానికి ఒక పూట వెచ్చిస్తే అతనికి గిట్టుబాటు అవుతుంది. రైతుకు ఆ పూట లేదు. గుమ్మం దగ్గర పెట్టిన పరీక్ష మనిషి ఉద్దేశాన్ని కొలవదు. అతని తీరికను, చదువును, పరిచయాలను కొలుస్తుంది. దుర్వినియోగమే వృత్తి అయినవాడికి ఆ మూడూ సమృద్ధిగా ఉంటాయి. ఒక్కసారి మాత్రమే తలుపు తట్టవలసి వచ్చినవాడికి అవి ఉండవు. తాళం ఎంత గట్టిదైతే, లోపలికి రాగలిగినవారిలో వృత్తినిపుణుల పాలు అంత పెరుగుతుంది.

ఈ విషయమై మన రాజధానిలోనే ఒక చెప్పుకోదగిన ఉదాహరణ ఉంది. అయాచిత వ్యాపార సందేశాల బెడదను అరికట్టడానికి 2007లో కాల్స్ వద్దనుకునేవారి జాతీయ పట్టిక ఏర్పడింది. అది చాలలేదు. 2010 డిసెంబరులో భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మరింత కఠినమైన నిబంధనలు జారీ చేసింది. వాటి అమలులో భాగంగా 2011 సెప్టెంబరు 27 నుంచి ఒక సిమ్ కార్డు ద్వారా రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లకు మించి పంపరాదన్న పరిమితి వచ్చింది. నవంబరులో దానిని 200కు పెంచారు. ఆ నిర్ణయం వెనుక సదుద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. వేళకాని వేళ మోగే ఫోనుతో విసిగిపోయిన కోట్లాది ప్రజల బాధ నిజమైనది. నమోదు కాని వ్యాపారులు మామూలు సిమ్ కార్డుల చాటున సందేశాలు గుప్పించిన మాటా నిజమే. అయితే ఆ పరిమితి వ్యాపారిని, స్నేహితులతో ముచ్చటించే విద్యార్థిని ఒకే గాటన కట్టింది. మాట్లాడలేని, వినలేని వ్యక్తికి ఎస్సెమ్మెస్ కాలక్షేపం కాదు, సంభాషణే అన్న సంగతి అటువంటి లెక్కలో కనబడదు.

వివాదం న్యాయస్థానానికి చేరింది. వ్యాపారేతర సందేశాలకు ఆ పరిమితి వర్తించడం రాజ్యాంగం హామీ ఇచ్చిన భావప్రకటనా స్వేచ్ఛకు భంగకరమని 2012 జూలైలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం దానిని కొట్టివేసింది. తరువాత 2018లో వచ్చిన నిబంధనలు వేరొక దారి పట్టాయి. మూకుమ్మడిగా వ్యాపార సందేశాలు పంపదలచిన సంస్థ తన పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేసుకోవాలి. అందుకునేవాడి సమ్మతికి లెక్క ఉండాలి. స్పామ్ ఇంతటితో అంతరించిందని ఏ ఫోను యజమానీ అనడు. అయినా రెండు పద్ధతుల మధ్య నైతికమైన తేడా స్పష్టం. మొదటిది ప్రతి పౌరుణ్ణీ అనుమానితునిగా భావించి లెక్కించింది. రెండవది, మూకుమ్మడిగా పంపి లాభపడేవాడి మీదనే ఆ భారాన్ని పెట్టింది. అర అణా చేసిన పనికి ఇది కొంత దగ్గర.

ఇక్కడ ప్రభుత్వోద్యోగిగా ఒక విషయం ఒప్పుకోక తప్పదు. నిబంధన రాసేవాడి బల్ల మీదికి దుర్వినియోగం తప్పక చేరుతుంది. ఫిర్యాదు వస్తుంది, ఫైలు కదులుతుంది, ఉన్నతాధికారి వివరణ కోరతాడు. తాళం చూసి వెనుదిరిగినవాడు ఏ ఫైలులోనూ కనబడడు. అతడు ఫిర్యాదు చేయడు, ఎందుకంటే ఫిర్యాదు చేసే గుమ్మం దాకా అతడు రానే లేదు. మా రైతు కాగితం రిజిస్టరులో మిగలకపోయి ఉంటే నా నిబంధన నూటికి నూరుపాళ్ళు జయప్రదమైనదనే నేను ఈనాటికీ నమ్మేవాడిని. ఒక వైపు సాక్ష్యం గుట్టగా పోగవుతూ రెండవ వైపు శూన్యంగా ఉన్నప్పుడు, నిజాయితీపరుడైన అధికారి సైతం తాళం వైపే మొగ్గుతాడు. ఈ దోషం మనిషి స్వభావానిది కాదు, మనకు అందే సమాచారానిది. కనుక ఏ కొత్త షరతు విధించే ముందైనా, దీనివల్ల వెనుదిరిగేవాడు ఎవరు, అతని సంగతి నాకు ఎలా తెలుస్తుంది అన్న రెండు ప్రశ్నలు ఫైలు మీద రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గ్రంథాలయోద్యమ చరిత్రకు ఈ చర్చ కొత్తది కాదు. ఒకనాటి ఐరోపా గ్రంథాలయాలలో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టివేసేవారు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో మొదటిది, పుస్తకాలున్నది వినియోగం కోసమని. ఆ సూత్రాన్ని వివరిస్తూ ఆయన ఈ గొలుసుల ప్రస్తావన తెచ్చారు. గొలుసు పుస్తకాన్ని కాపాడుతుంది, కాని పుస్తకం ఉన్న ప్రయోజనాన్ని కాపాడదు. పాత ఢిల్లీ రైల్వే స్టేషను ఎదుట 1951 అక్టోబరు 27న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ ఈ దృష్టితోనే పుట్టింది. యునెస్కో సహకారంతో వెలసిన ఆ సంస్థ చందా అడగలేదు, అరలకు తాళాలు వేయలేదు. విభజన గాయాలు ఇంకా ఆరని, శరణార్థులతో నిండిన నగరంలో ఎవరైనా వచ్చి పుస్తకాన్ని చేతితో తాకి ఎంచుకోవచ్చునన్నారు. కొన్ని పుస్తకాలు పోతాయని తెలియక కాదు. తెరిచిన అరలో కొన్ని పుస్తకాలు పోవడం నష్టమే. మూసిన బీరువాలో అన్ని పుస్తకాలూ చదివేవారు లేక ఉండిపోవడం అంతకన్న పెద్ద నష్టం. మొదటి నష్టం వార్షిక తనిఖీలో కనబడుతుంది. రెండవది కనబడదు.

అయితే కాపలాయే వద్దని నా వాదన కాదు. మా బోర్డు మొదటి దశలో జరిగినది స్వేచ్ఛ కాదు, ఆక్రమణ. 1968లో గారెట్ హార్డిన్ ఉమ్మడి పచ్చిక బయలు దృష్టాంతంతో, అందరిదీ అయినది చివరకు నాశనమవుతుందని హెచ్చరించాడు. దానికి సమాధానంగా ఎలినార్ ఆస్ట్రామ్ దేశదేశాల ఉమ్మడి అడవులను, కాలువలను, చేపలరేవులను పరిశీలించి, శతాబ్దాలుగా చెడకుండా నిలిచిన ఉమ్మడి ఆస్తులు ఎన్నో ఉన్నాయని 1990లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అటువంటి చోట్ల ఆమె గమనించిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. వాడుకునేవారే నిబంధనలు చేసుకుంటారు. కాపలాదారు వారికి జవాబుదారీగా ఉంటాడు. శిక్ష మందలింపుతో మొదలై, తప్పు పెరిగినకొద్దీ పెరుగుతుంది. తగవు తీర్చుకోవడానికి దగ్గరలో, ఖర్చు లేని చోటు ఉంటుంది.

తెలుగు పల్లె ఎరిగినవారికి ఇది వింత కాదు. చెరువుకు తాళం వేయలేము. తూము దగ్గర నీరటిని నిలబెట్టుకుంటాము. ఆయకట్టు రైతులందరూ పంటలో ఇంతని అతనికి గింజలు కొలిచేవారు. ఎవరి మడికి ఎంత నీరు వదిలాడో అందరికీ కనబడేది. దొంగతనంగా గండి కొట్టినవాణ్ణి అతడు పట్టుకునేవాడు, కాని నీరు అడగడానికి వచ్చిన ప్రతివాణ్ణీ దొంగగా చూసేవాడు కాదు. ఆ వ్యవస్థలో కులపు హెచ్చుతగ్గులు, పెద్దరైతు పెత్తనం ఉండేవన్నది కాదనలేము. అయినా కాపలా అనేది చెరువు కోసమే గాని కాపలాదారు నిశ్చింత కోసం కాదన్న వివేకం అందులో ఉంది.

ఈ వివేకం నేటి యుగంలోనూ సాధ్యమేనని 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా చూపుతున్నది. అక్కడ ఖాతా తెరవనివారు సైతం వ్యాసాన్ని దిద్దవచ్చు. ప్రకటనలు జొప్పించేవారు, అక్కసుతో చెరిపేవారు అక్కడికీ వస్తారు. దానికి విరుగుడు ప్రధానంగా గుమ్మం దగ్గర లేదు, జ్ఞాపకంలో ఉంది. ప్రతి మార్పూ వ్యాస చరిత్రలో నమోదవుతుంది. పాడైనదాన్ని ఎవరైనా పూర్వస్థితికి తేగలరు. గొడవ ఉన్న పేజీకి మాత్రమే, అదీ సాధారణంగా కొంతకాలానికే, రక్షణ విధిస్తారు. ఎవరినైనా నిరోధిస్తే ఆ నిరోధం కూడా అందరూ చూడగల చిట్టాలో ఉంటుంది. అభ్యంతరం ఉన్నవారు చర్చించే చోటుకు వారు పెట్టుకున్న పేరు రచ్చబండ. అంటే కాపలాదారు మీద కూడా అక్కడ చూపు ఉంది. మా గాజు బోర్డుకు లేనిది అదే. ఏ కాగితాన్ని ఎవరు, ఎందుకు నిరాకరించారో మా వద్ద ఎక్కడా రాసి లేదు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. తప్పు జరిగిన తరువాత దిద్దుకోవడమంటే ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి. ఇటీవలి మార్పుల జాబితాను రాత్రిపూట కళ్ళు కాయలు కాచేలా చూసేది జీతం లేని కొద్దిమంది. వారు అలసిపోతే ఆ స్థలమే మూతపడుతుంది. అజ్ఞాతంగా వచ్చే ఒక్క రైతు కోసం పదిమంది తమ సాయంత్రాలను ధారపోయాలా? ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేసే హక్కు, అలా కూర్చోని నాకు లేదు. నా సమాధానం ఇంతమాత్రమే. తెరిచిన తలుపు ఎన్నడూ ఉచితం కాదు. ప్రవేశం ఉచితమైన చోట ఆ ఖర్చును శ్రమ రూపంలో ఎవరో చెల్లిస్తూనే ఉంటారు. ఆ ఖర్చు తగ్గించుకోవడం న్యాయమే. యంత్ర సహాయం తీసుకోవడం న్యాయమే. ఒకేచోట పదిసార్లు అంటించేవాణ్ణి నిలదీయడం న్యాయమే. మన అలసటను ఆ రైతు గుమ్మం ముందు పడే షరతుగా మార్చడం మాత్రం న్యాయం కాదు. అలసట నిజమైతే దానిని పదిమంది వంతులవారీగా పంచుకోవాలి, లేదా లాభపడేవాడి చేత చెల్లింపజేయాలి.

మా మందిరంలో చివరకు చేసినది స్వల్పమే. గాజు తలుపుల తాళం తీసేశాము. ప్రతి కాగితం మీద అంటించిన తేదీ రాయాలి, పదిహేను రోజుల తరువాత దానిని తీసివేస్తాము. ఒక విషయానికి ఒకే కాగితం. వ్యాపార ప్రకటనలకు గేటు పక్కన వేరే బోర్డు, దానికి చిన్న రుసుము. తీసివేసిన కాగితాలను చించకుండా ఒక పెట్టెలో నెలరోజులు ఉంచుతాము, అడిగినవారికి కారణం చెప్పి చూపించడానికి. వైద్యానికి, ఆపదకు సంబంధించిన కాగితాలకు పైవరుస కేటాయించాము. దానికి ఏ నిబంధనా లేదు. ఆదివారం ఉదయం సభ్యులు వంతులవారీగా వచ్చి బోర్డు సర్దాలి.

దీనితో బెడద తీరలేదు. చిట్టీల కాగితాలు ఇప్పటికీ రాత్రిపూట వచ్చి చేరుతుంటాయి. ఒకసారి పైవరుసలో కూడా, ఆపద పేరు చెప్పి, ఎవరో మందుల వ్యాపార ప్రకటన అంటించారు. దానితో పైవరుసకూ సంతకం పెట్టాలన్న ప్రతిపాదన సమావేశంలోకి వచ్చింది. నేను వ్యతిరేకించాను. ఆ ప్రకటనను తీసివేయడానికి పట్టింది అర నిమిషమని, సంతకం కోసం వెతుక్కునేవాడికి పట్టేది ఒక పూట అని విన్నవించాను. స్వల్ప ఆధిక్యంతో ప్రతిపాదన వీగిపోయింది. మళ్ళీ రాదన్న హామీ లేదు, మళ్ళీ వాదించవలసి రావచ్చు. కార్యవర్గం నుంచి తప్పుకున్నా ఆదివారపు వంతు మాత్రం నేను వదులుకోలేదు. పాతబడిన కాగితాలు ఊడదీసి, పైవరుస మీద ఏదీ మరుగున పడలేదని చూసుకునేసరికి గంట పడుతుంది.